ఇంకుడు గుంత, ఆకుకూర మడి: మా బస్తీ బడి ప్రాజెక్టు డైరీ

జూన్ 2024

హైదరాబాద్‌లో అంబర్‌పేట వైపు ఒక బస్తీలో ఉన్న మా ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 80 మంది, ఆరు, ఏడు తరగతుల్లో 50 మంది పిల్లలు చదువుతున్నారు. పై రెండు తరగతులకు నేను గణితం, సైన్సు చెబుతాను. ఈ ఏడాది ఏదో ఒక పనిని పిల్లలతో, వాళ్ల ఇళ్లవాళ్లతో కలిసి మొదలుపెట్టి చివరిదాకా నడపాలని జూన్ 12న బడి తెరిచిన వారంలోనే స్టాఫ్ రూంలో అనుకున్నాం. గోడలకు రంగులు వేయడం, బొమ్మలు గీయించడం వంటి ఆలోచనలు కొన్ని వచ్చాయి కానీ, చేయవలసిన పని ఏమిటో మా ఆవరణే చూపిస్తూ ఉంది. వాన పడితే డాబా మీది నీళ్లన్నీ రెండు పైపుల గుండా దిగి, గేటు ముందు మడుగు కట్టి, రోడ్డు మీదికి పోతాయి. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు పళ్లేలు కడిగిన నీళ్లు మెతుకులతో సహా నల్లాల వెనకనున్న మోరీలో కలుస్తాయి. మార్చి దాటిందంటే బోరు సన్నగా పోస్తుంది.

వాన నీటిని భూమిలోకి దింపడానికి ఒక ఇంకుడు గుంత, పళ్లేలు కడిగిన నీటికి అరటి, ఆకుకూరల మడులు అని ప్రాజెక్టును రెండుగా విడదీసుకున్నాం. ఈ రెండు నీళ్లను కలపకూడదన్నది మొదట్లోనే పెట్టుకున్న నియమం. సబ్బు, నూనె, కూర మిగుళ్లు ఉన్న నీటిని నేరుగా గుంతలోకి వదిలితే ఇసుక పొర కొద్ది వారాల్లోనే జిడ్డు పట్టి మూసుకుపోతుంది. పైగా ఆ మురికి బోరు వైపు దిగే ప్రమాదం ఉంది. డాబా నీళ్లలో ఉండేది దుమ్ము, ఎండుటాకులు, పావురాల రెట్టలు మాత్రమే కాబట్టి, తొలి వాన నీటిని బయటికి వదిలేస్తే తర్వాత వచ్చే నీరు గుంతకు పనికొస్తుంది.

మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయం చెప్పాలనుకున్నాం. ఉదయం పది గంటలకు పెట్టిన ఆ సమావేశానికి వచ్చినవాళ్లు ముందు వరుస బెంచీలకు కూడా సరిపోలేదు. సర్కారు బడి తల్లిదండ్రులకు పట్టింపు ఉండదన్న మాట ఇలాంటి సందర్భాల్లోనే వినిపిస్తుంది. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మా పిల్లల తండ్రుల్లో సగానికి పైగా పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు, సెంట్రింగ్ పనివాళ్లు. తల్లుల్లో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళతారు. తెల్లవారి కూలీల అడ్డా మీద నిలబడితే ఎనిమిదింటికల్లా పని కుదురుతుంది. పది గంటల మీటింగుకు వస్తే ఆ రోజు కూలీ పోయినట్టే. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఆ స్థానాల్లో పేరు ఉన్నవాళ్లు వచ్చి కూర్చోగలిగే వేళ ఏదో తెలుసుకోవడం మా పని. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ పిలిచినప్పుడు గది నిండింది. ఇద్దరు తండ్రులు సిమెంటు మరకలున్న బట్టలతోనే, పని నుంచి నేరుగా వచ్చారు.

జూన్ చివరి వారం

గణితం ఇక్కడి నుంచే మొదలైంది. ఏడో తరగతి పిల్లలకు టేపు ఇచ్చి డాబా కొలవమన్నాం. మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. రెండింటిలోనూ వైశాల్యం చదరపు మీటర్లలోనే ఉంటుంది. పిల్లలకు ఇంట్లో వినిపించేది మాత్రం గజాలు. "మా ఇల్లు నలభై గజాలు", "ఓనరుది రెండొందల గజాల ప్లాటు" అన్న మాటలు మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి మా డాబా 144 గజాలని తేలగానే అందరికీ దాని పరిమాణం కళ్లకు కట్టింది, ఆ తర్వాతే దాన్ని మీటర్లలోకి మార్చాం. ఒక చదరపు గజం 0.836 చదరపు మీటర్లు, అంటే మొత్తం సుమారు 120 చదరపు మీటర్లు.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. ఈ ఒక్క వాక్యాన్ని నమ్మించడానికి నాకు ఒక పీరియడ్ పూర్తిగా పట్టింది. "మిల్లీమీటరు పొడవు గదా టీచర్, లీటరు ఎట్లయితది?" అన్న ప్రశ్న సరైన ప్రశ్నే. నేల మీద సుద్దముక్కతో మీటరు చదరం గీసి, అంచుల వెంట తడి మట్టి గట్టు కట్టి, పాలిథీన్ పరిచి, లీటరు నీళ్లు పోసి, స్కేలుతో లోతు చూపిస్తే తప్ప వాళ్లు ఒప్పుకోలేదు. నేల సమంగా లేక ఒక మూలన మూడు మిల్లీమీటర్లు, ఇంకో మూలన సున్నా వచ్చింది. సగటు తీయాల్సిన అవసరం అక్కడే పుట్టింది. సగటు పాఠాన్ని ఇంత తేలిగ్గా నేను ఎప్పుడూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. 120 చదరపు మీటర్ల డాబాకు అది 96,000 లీటర్లు. ఆవిరయ్యేది, చిందిపోయేది, తొలి వానలో వదిలేసేది కలిపి ఐదో వంతు తీసేసినా 76,800 లీటర్లు మిగులుతాయి. మా బస్తీకి వచ్చే నీటి ట్యాంకరు 5,000 లీటర్లది. లెక్క చేసిన అమ్మాయి బోర్డు మీద "15 ట్యాంకర్లు" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఆ సాయంత్రం ఈ అంకె బస్తీలో నేను చెప్పకుండానే తిరిగింది.

జూలై

గుంత తవ్వకానికి ముహూర్తం బోనాలను బట్టి కుదరాల్సి వచ్చింది. జూలై 7న గోల్కొండలో మొదలై, 21న సికింద్రాబాద్, 28న పాతబస్తీ, అంబర్‌పేట బోనాలు అయ్యేదాకా ఆదివారాలు ఎవరి చేతుల్లోనూ ఉండవు. మధ్యలో ఖాళీగా దొరికింది 14వ తేదీ. ఆ రోజు ఉదయం ఆరు గంటలకే గడ్డపారలు, పారలు, తట్టలతో మేస్త్రీలు వచ్చారు. చోటు విషయంలో వాళ్ల మాటే చెల్లింది. నేను గీసుకున్న చోటు గోడకు దగ్గరగా ఉందని, పునాది కిందికి నీళ్లు దిగుతాయని పెద్ద మేస్త్రీ అడ్డు చెప్పి, మూత్రశాలల పైపులకు దూరంగా, బోరుకు కొంచెం ఎడంగా ఉన్న తూర్పు మూలను చూపించారు. "ఈడ పైన రెండు ఫీట్లు పోసిన మట్టి మేడం. దాని కింద మొరం తగులుతది. మొరం దొరికినంక నీళ్లు ఆగయ్" అన్నారు. హైదరాబాద్ కింద ఉన్నది చాలావరకు గ్రానైటు రాయే. దాని పై పొర కాలక్రమాన శిథిలమై మొరంగా మారిన చోట నీరు దిగుతుంది, గట్టి రాయి తగిలితే ఆగిపోతుంది. ఆయన చెప్పినట్టే మోకాలి లోతు దాటగానే ఎర్రటి మొరం వచ్చింది.

నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, ఆరడుగుల లోతు. మొరం దాకా తవ్వి, అడుగున ఒక అడుగు ఎత్తు నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతాయో గడియారం పెట్టి చూశాం. చాయ్ తాగి వచ్చేలోపు సగానికి పైగా దిగిపోయాయి. అడుగున పిడికిలంత రాళ్లు, వాటి మీద 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం. కంకర, అన్నిటికీ పైన దొడ్డు ఇసుక వేశాం. కంకరలో చాలా భాగం ఎక్కడో పని ముగిసిన సైటు నుంచి ఓనరును అడిగి ఒక తండ్రి తన ట్రాలీ ఆటోలో తెచ్చాడు. పైపు నేరుగా గుంతలో పడకుండా మధ్యలో ఇటుకలతో ఒక చిన్న గచ్చు తొట్టి కట్టారు. ఆకులు, మట్టి అందులో అడుగుకు చేరతాయి, పైన తేరిన నీరు మాత్రమే గుంతకు పోతుంది. ఆ తొట్టికి బయటివైపు ఒక బిరడా ఉంది. తొలి వానకు దాన్ని తీసి ఉంచాలి.

గుంత లోతు, వెడల్పులు కొలిచి దాని ఘనపరిమాణం కట్టడం ఏడో తరగతి వాళ్ల పని. 96 ఘనపుటడుగులు, అంటే సుమారు 2,700 లీటర్లు. రాళ్లు, కంకర నిండాక మధ్య సందుల్లో మాత్రమే నీరు నిలుస్తుంది కాబట్టి దాదాపు వెయ్యి లీటర్లే పడతాయి. మేము కలిపింది ఒక పైపును, అంటే సగం డాబానే. 60 చదరపు మీటర్ల మీద 20 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా కురిస్తే, పోయేది పోను, 960 లీటర్లు. అంతకు మించిన వానకు గుంత పొంగుతుందని, పొంగిన నీళ్లు మళ్లీ గేటు ముందుకే పోతాయని పిల్లలే తేల్చారు. పొంగు పైపును బయటికి కాకుండా మడుల వైపు తిప్పడం వాళ్ల లెక్క నుంచి వచ్చిన మార్పు.

ఇదే నెలలో ఉపాధ్యాయుల పదోన్నతులు, బదిలీలు జరిగి, మడుల పని చూడాల్సిన సహోద్యోగి వేరే బడికి వెళ్లారు. బడి మరమ్మతులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తరఫున నల్లాల మరమ్మతు అప్పటికే పూర్తయినందువల్ల పళ్లేల నీటికి కొత్త కాలువ వేయడం సులువైంది. ఆ కాలువ మొదట్లో ఒక ఇనుప జాలీ బిగించాం. జాలీ మీద రోజూ దోసెడు మెతుకులు నిలుస్తాయి. వాటిని బకెట్లో తీసి ఉంచితే సాయంత్రం బర్రెలవాళ్లు పట్టుకుపోతారు. ఈ ఏర్పాటు తర్వాత ఎలుకలు తగ్గాయని వంట చేసే అక్కలు చెబుతున్నారు.

ఆగస్టు

వాన కొలిచే సీసాలు ఆరో తరగతి వాళ్లు చేశారు. అంచులు నిటారుగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాలి. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉండటం వల్ల మొదటి కొలతలు తప్పుగా వచ్చేవి. అడుగున కొంచెం సిమెంటు పోసి సమం చేసి, ఆ పైనుంచి సున్నా గీత పెట్టాక సరిపోయింది. రోజూ ప్రార్థన ముగిశాక ఒకరు అంకె చదువుతారు, ఇంకొకరు రిజిస్టరులో రాస్తారు. చెట్టు కింద పెట్టిన సీసాలో తక్కువ, మైదానం మధ్య పెట్టిన దానిలో ఎక్కువ రావడం చూసి, ఎక్కడ పెట్టాలన్న చర్చ తరగతిలో చాలాసేపు సాగింది.

ఇరుగుపొరుగు నుంచి ఒక అభ్యంతరం కూడా ఇదే నెలలో వచ్చింది. డెంగీ జ్వరాలు ఎక్కువగా ఉన్న రోజులు. గుంత వల్ల దోమలు పెరుగుతాయని, పిల్లల బడిలో ఇది ఎందుకని గేటు ఎదుటి ఇంటివాళ్లు గట్టిగానే అడిగారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. డెంగీ దోమ మురికిలో కంటే నిలిచిన మంచినీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. మా గుంత పైన ఇసుకే ఉంటుంది, నీరు పైకి కనిపించదు, వాన ఆగిన మరుసటి రోజుకల్లా తడి మాత్రమే మిగులుతుంది. మాటలతో చెప్పే బదులు వాన మరునాడు వాళ్లనే పిలిచి చూపించాం. గచ్చు తొట్టిలో మాత్రం జానెడు నీళ్లు నిలిచి ఉండటాన్ని ఆ ఇంటి పెద్దావిడే ఎత్తి చూపారు. ఆ తర్వాత తొట్టి అడుగున సన్నటి రంధ్రం పెట్టించాం, ప్రతి శుక్రవారం పిల్లలు పూల కుండీలు, పాత టైర్లు, కూలర్ల తొట్లతో పాటు దీన్నీ ఖాళీ చేసి చూస్తున్నారు. ఆ శుక్రవారపు జట్టు ఇప్పుడు గేటు ఎదుటి ఇళ్ల వాకిళ్లు కూడా చూసి వస్తుంది, అడిగి మరీ.

సెప్టెంబరు

మడుల్లో పాలకూర, తోటకూర, మెంతి, ఒక పక్కన గోంగూర వేశాం. గట్ల మీద జూలైలోనే బంతి నారు నాటించింది వంట చేసే పెద్దక్క. బంతి వేర్లు మట్టిలోని నులిపురుగులను తగ్గిస్తాయి. ఆమె లెక్క మాత్రం బతుకమ్మది. దసరా సెలవులకు ముందు బడిలో ఆడిన బతుకమ్మకు తంగేడు, గునుగు బయటి నుంచి కొన్నా, బంతి అంతా మా గట్లదే. ఉర్దూ మీడియం బడి నుంచి మారి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబంలోని ఇంకో అమ్మాయి పువ్వులు పేర్చే వరుసలో కూర్చున్నారు.

మొదటి కోత పాలకూర రెండు కిలోలకు కొంచెం పైన వచ్చింది. దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 50 గ్రాములు, పై తరగతుల వాళ్లకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలి. 80 మందికి నాలుగు కిలోలు, 50 మందికి మూడు కిలోల ముప్పావు. మొత్తం రోజుకు 7.75 కిలోలు. నెలకు రెండు కోతలు వచ్చే మడి ఒక బడి కూరను తీర్చలేదు. "ఒక పూట పప్పుకే సరిపోతది టీచర్, గానీ మార్కెట్ల ఇంత లేతగ దొరకది" అని పెద్దక్క అన్న మాటే సరైన తీర్పు. మారింది వేరే. పప్పులో ఆకుకూర కనిపిస్తే ఏరి పళ్లెం అంచుకు నెట్టే రెండో తరగతి పిల్లలు తాము నీళ్లు పోసిన పాలకూరను మాత్రం నెట్టలేదు. ఆ వారం జాలీ మీద పచ్చటి ముక్కలు దాదాపు లేవు.

అక్టోబరు, నవంబరు

దసరా సెలవులు 14వ తేదీ వరకు. సెలవుల్లో మడులకు నీళ్లు పోసింది బడి వెనక సందులో ఉండే మూడు కుటుంబాలు. తోటకూర ముదిరిపోయింది, విత్తనానికి వదిలేశాం.

నవంబరు 6 నుంచి రాష్ట్ర ప్రభుత్వ సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే మొదలై, ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు మధ్యాహ్నం నుంచి ఇళ్ల వెంట తిరగాల్సి వచ్చింది. ఆ తరగతులు ఒంటిపూటకు మారాయి. చిన్నపిల్లలు భోజనం చేసి వెళ్లిపోయేవాళ్లు, మడి పని చేసే వేళకు పెద్ద తరగతులు మాత్రమే ఉండేవి. ప్రాజెక్టు ఇక్కడ ఆగిపోతుందని అనుకున్నాను. ఆగకపోవడానికి కారణం ఏడో తరగతి వాళ్లు తయారుచేసిన డ్యూటీ చార్టు. అందులో టీచర్ల పేర్లు అసలు లేవు. జాలీ, బిరడా, సీసా, నీళ్లు, కలుపు అని అయిదు పనులు. ప్రతిదానికీ ఒక పెద్ద, ఒక చిన్న జత. ఒకరు రాకపోతే ఎవరు చేయాలో పక్క గడిలో ఉంటుంది. బిరడా పని అందరికీ కావాలి, జాలీ పని ఎవరికీ వద్దు కాబట్టి వారం వారం మారుతుంది. ఈ మార్పు క్రమాన్ని ఎవరు తప్పించినా పెద్ద తగువే. ఒకసారి ప్రధానోపాధ్యాయుల గది దాకా వచ్చిన ఫిర్యాదు ఇదే: "మా జాలీ వారం రెండుసార్లు వచ్చింది సార్."

జనవరి 2025

ఎండాకాలం ముందు ఒకసారి గుంత ఇసుక తెరిచి చూశాం. పైన అంగుళం మందాన నల్లటి బురద పొర, దాని కింద ఇసుక శుభ్రంగానే ఉంది. అంటే గచ్చు తొట్టి తన పని చేస్తున్నట్టే. బోరులో నీరు పెరిగిందా అని బస్తీలో చాలామంది అడుగుతున్నారు. ఒక్క బడి గుంతతో పెరిగిందని చెబితే అది అతిశయోక్తి. చుట్టూ ఇరవై ముప్పై డాబాల నీళ్లు దిగితే తప్ప ఆ తేడా తెలియదు. గేటు ముందు మడుగు మాత్రం సగానికి తగ్గింది, అది అందరూ చూసిందే. గేటు ఎదుటి ఇంటివాళ్లు తమ డాబాకు గుంత తవ్వడానికి ఎంత అవుతుందని మా పెద్ద మేస్త్రీని అడిగారట. ఆయన ఇంకా రేటు చెప్పలేదు.

ఆదివారం సాయంత్రపు సమావేశాలు కొనసాగుతున్నాయి. మొదట గుంత కోసం పెట్టుకున్న వేళ ఇప్పుడు ప్రగతి పత్రాలకు, హాజరుకు, ఏడో తరగతి తర్వాత ఏ హైస్కూలు అన్న చర్చకు కూడా అదే. నెలనెలా మూడో శనివారం మీటింగు కూడా పెడుతున్నాం, రిజిస్టరు కోసం.

మార్చి, ఏప్రిల్

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. పన్నెండున్నరకు భోజనం పెట్టి పిల్లలను పంపుతాం కాబట్టి పళ్లేల నీళ్లు ఇంకా వస్తున్నాయి, ఆకుకూరలు మాత్రం ఎండకు పువ్వు కట్టాయి. మడులను ఖాళీ చేసి ఎండుటాకులు కప్పాం. నాలుగు అరటి మొక్కల్లో మూడు బతికాయి; ఒకటి గెల వేసింది. ఏప్రిల్ 23న చివరి పనిదినం. ఆ తర్వాత పళ్లేలు కడిగే నీళ్లు ఉండవు కనుక, వెనక సందు కుటుంబాలు వంతులవారీగా డ్రమ్ము నింపుతామన్నాయి, గేటు రెండో తాళం చెవి వాళ్ల దగ్గర ఉంటుంది.

ఏడో తరగతి వాళ్లు హైస్కూలుకు వెళ్లిపోతున్నారు. వాన రిజిస్టరు, డ్యూటీ చార్టు, టేపు ఆరో తరగతికి అప్పగించారు. టేపు మొదటి రెండు అంగుళాలు అరిగిపోయాయి కాబట్టి కొలిచేటప్పుడు మూడో అంగుళం నుంచి మొదలుపెట్టాలని రిజిస్టరు అట్ట లోపల రాసి ఇచ్చారు. వానలకు ముందు గుంత పైపొర ఇసుకను ఆరంగుళాలు తీసి, కడిగి, ఎండబెట్టి మళ్లీ వేయాలి. ఆ పని మే చివరి ఆదివారానికి పెట్టుకున్నాం. డాబా రెండో పైపుకు ఇంకో గుంత తవ్వడమా, ఉన్న గుంతనే వెడల్పు చేయడమా అన్నది మేస్త్రీలతో కూర్చుని ఆ రోజే తేల్చుకుంటాం.